అత్తమ్మ పళ్లెంలో ఏముంది

మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక మా వంటింట్లో ఇప్పటికీ పళ్లెం చప్పుడు వినపడుతుంది. స్టీలు పళ్లేన్ని గచ్చు మీద ఆనించినప్పుడు వచ్చే చిన్న చప్పుడు. నేను కెమిస్ట్రీ చెప్పి బతికేదాన్ని, దయ్యాల మీద నమ్మకం లేనిదాన్ని. ఎండ వేడికి రేకు డబ్బాలు చప్పుడు చేస్తాయి, స్టాండులో గిన్నెలు జారతాయి, పక్కింటి పిల్లి గోడ దూకుతుంది. ఇన్ని కారణాలు తెలిసి కూడా ఆ చప్పుడు కాగానే లేచి వెళ్లి చూస్తాను. గచ్చు మీద ఏమీ ఉండదు. స్టవ్ పక్కన, గోడకు ఆనుకుని, మా అత్తమ్మ కూర్చునే చోటు ఖాళీగా ఉంటుంది. నాకు భయం వేయదు. ఒక్కసారి ఆ పళ్లెంలోకి తొంగి చూడాలనిపిస్తుంది, అంతే.

మా ఇల్లు భద్రాచలంలో, కరకట్టకు దగ్గర. మా ఆయనది ఆఫీసు ఉద్యోగం, నాది డిగ్రీ కాలేజీలో పాఠాలు. అత్తమ్మ, మామయ్య చాలా ఏళ్లు అశ్వారావుపేట దగ్గర పామాయిల్ తోట చూసుకుంటూ అక్కడే ఉన్నారు. మామయ్యకు షుగర్ ముదిరాక తోటను మరిదికి అప్పగించి, దవాఖానా దగ్గరగా ఉంటుందని మా ఇంటికి వచ్చేశారు. వచ్చిన మర్నాడే అత్తమ్మ వంటిల్లు తన చేతుల్లోకి తీసుకుంది. నేను పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని పోయేదాన్ని కాబట్టి పేచీ పెట్టడానికి కూడా తీరిక లేకపోయింది.

కాలేజీలో పాఠాలు కాక నాకు ఇంకో పని ఉండేది. ఈ అడవి అంచున దొరికే పళ్లూ ఆకులూ గింజలూ తెచ్చి వాటిలో పాలీఫినాల్స్ ఎంత ఉన్నాయో చూడటం. పేరు విని బెదరనక్కర్లేదు. పచ్చి అరటికాయలో నాలుకను వగరుగా పట్టేసేదీ, కోసిన వంకాయ ముక్కను నల్లబరిచేదీ, నేరేడు పళ్లు తిన్న నోటికి ఊదా రంగు పూసేదీ చాలావరకు ఇవే. మొక్కలు పురుగు నుంచీ ఎండ నుంచీ తమను కాపాడుకోవడానికి వీటిని తయారుచేసుకుంటాయి. పండునో ఆకునో ఎండబెట్టి, దంచి, సారం తీసి, అందులో పసుపు పచ్చని మందొకటి కలిపి, చాకలి సోడా నీళ్లు పోసి కాసేపు పక్కన పెడితే నీలం తిరుగుతుంది. ఎంత ముదురు నీలమైతే అన్ని పాలీఫినాల్స్. ఇంకో పరీక్షలో ఊదా రంగు ద్రావణం ఉంటుంది, దాంట్లో సారం చుక్కలు పడితే రంగు వెలిసిపోతుంది. ఎంత త్వరగా వెలిస్తే యాంటీ ఆక్సిడెంట్ గుణం అంత గట్టిగా ఉన్నట్టు లెక్క.

ఈ యాంటీ ఆక్సిడెంట్ అనే మాట బిస్కెట్ ప్యాకెట్ మీదికి ఎక్కినప్పటి నుంచి నాకు మనశ్శాంతి లేదు. ఊళ్లో ఎవరు కనపడినా ఇదే ప్రశ్న. పరగడుపున ఏం తాగమంటావు, ఉసిరి రసమా మునగాకు పొడా, కరక్కాయ నమిలితే గుండెకు మంచిదట కదా. పరీక్షనాళికలో జరిగిందల్లా ఒంట్లో జరగాలని లేదమ్మా అని చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. ఆ మాట ఎవరికీ ఎక్కదు. మా ఆయనకైతే మరీ ఎక్కదు, గ్రూపుల్లో వచ్చినవన్నీ నాకు పంపి కింద నిజమేనా అని పెడతాడు.

ఈ గోలలో నన్ను సరైన ప్రశ్న అడిగింది అత్తమ్మ ఒక్కతే. సాయంత్రం నేను చెప్పులు విడుస్తుండగానే వంటింట్లోంచి గొంతు వచ్చేది.

"ఏమొచ్చింది బిడ్డా ఇయాల?"

"ఉసిరి అత్తమ్మా. బాగా నీలం వచ్చింది."

"ఎంత నీలం?"

"సిరా అంత."

"అమ్మో, గంతనా," అని ఊరుకునేది. తాగొచ్చా, నమలొచ్చా అని ఒక్కనాడూ అడగలేదు. ఎంత నీలమో తెలిస్తే చాలు ఆమెకు. ల్యాబ్‌లో మిగిలిన కాయలు నేను సంచిలో వేసుకొస్తే కడిగి తీసి పెట్టేది. మర్నాటికి ఆ కాయలు ఉండేవి కావు. ఎవరు తిన్నారో నేను అడగలేదు, ఆమే తినేదనుకుంటాను.

ఒకనాటి రాత్రి భోజనాల దగ్గర మాటల్లో నేనొక సంగతి చెప్పాను. ఏ పండు తీసుకున్నా పాలీఫినాల్స్ ఎక్కువ ఉండేది గుజ్జులో కాదు, తొక్కలోనూ గింజలోనూ అని. మామిడి టెంక లోపలి జీడిలో ఉన్నంత మామిడి పండులో ఉండదని. మనం తినేదానికంటే పారేసేదాంట్లోనే ఎక్కువ అని. అత్తమ్మ వడ్డిస్తోంది. మా ఆయన ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగి ఆమె వైపు చూశాడు.

"అందుకేనన్నమాట. అమ్మకు షుగర్ లేదు, బీపీ లేదు. మనం పారేసిందంతా ఆమేగా తినేది."

అందరం నవ్వాం. అత్తమ్మ కూడా నవ్వింది. నిజానికి అందులో కొత్తేమీ లేదు. మామిడి పండు కోస్తే చెక్కలు మాకు, టెంక ఆమెకు. బీరకాయ కూర మాకు, దాని పొట్టుతో చేసిన పచ్చడి ఆమెకు. జామకాయలో మెత్తని చోటు మామయ్యకు, గింజలున్న చోటు ఆమెకు. గిన్నె అడుగున మాడిన అన్నం ఎప్పుడూ ఆమెదే. ఎన్నో ఏళ్లుగా సాగుతున్నదే ఇది, నా మాటతో దానికి సైన్సు ముద్ర పడింది. ఆ రోజు నుంచి ఎవరైనా తొక్క తీసి పక్కన పెడితే "అమ్మా, నీ మందు" అని పిలిచేవారు. ఆ పిలుపు గుర్తొస్తే ఇప్పుడు సిగ్గేస్తుంది, కానీ అప్పుడు మాత్రం ఇల్లంతా సరదాగా ఉండేది.

అత్తమ్మ పోయింది మే నెలలో ఒక మధ్యాహ్నం. నేను కాలేజీలో పేపర్లు దిద్దుతున్నాను. మా ఆడపడుచు, నేను వదినా అని పిలుస్తాను, కూసుమంచి నుంచి వచ్చి ఉంది. అందరూ తిన్నారు, ముందు గదిలో ఫ్యాను కింద నడుం వాల్చారు. అత్తమ్మ వంటిల్లు సర్ది, తన పళ్లెం తీసుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. ఎంతసేపటికీ ఇవతలికి రాకపోతే వదిన వెళ్లి చూసింది. పళ్లెం ముందర ఒక పక్కకు ఒరిగిపోయి ఉందట. డాక్టరు గుండె అన్నాడు.

నేను ఇంటికి చేరేసరికి ఆమెను చాప మీద పడుకోబెట్టారు. వంటిల్లు శుభ్రంగా ఉంది. పక్కింటి ఆవిడ ఎవరో సాయంగా అంట్లన్నీ తోమేసి స్టాండులో బోర్లించింది. అత్తమ్మ పళ్లెం కూడా నీళ్లు కారుతూ అక్కడే ఉంది. నాకు ఏడుపు రాలేదు. వదిన దగ్గర కూర్చుని అడిగాను.

"వదినా, పళ్లెంలో ఏముంది?"

"ఏంది?"

"అత్తమ్మ తింటున్న పళ్లెంలో. ఏం పెట్టుకున్నది?"

వదిన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "ఏమో, నేను సూడలే. అదేం అడుగుడు ఇప్పుడు?" అని మొహం తిప్పుకుంది. నేనెందుకు అడిగానో నాకూ తెలియదు. పొద్దున ఆమె ఏం వండిందో నాకు తెలుసు, నా డబ్బాలో ఉంది కదా. ఆమె ఏం తిన్నదో మాత్రం తెలియలేదు. ఆ ప్రశ్న అప్పుడు పట్టుకున్నదే ఇంకా నన్ను వదలలేదు.

పదోనాడు గోదారి ఒడ్డున పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెడితే కాకి వచ్చి ముట్టాలి. పిట్ట ముట్టిందంటే వాళ్లకు తృప్తి అయినట్టు. ముట్టేదాకా ఇంట్లోవాళ్లు అన్నం ముట్టరు. తల్లికి చిన్నకొడుకు కర్మ చేయాలని మరిది గుండు చేయించుకుని తడి బట్టలతో కూర్చున్నాడు. వేసవిలో గోదారి దూరం జరిగిపోతుంది, మెట్లు దిగాక ఇసుకలో చాలా నడవాలి. నీళ్లకు దగ్గర్లో తాటాకు పందిరొకటి ఉంటే మామయ్యను దాని నీడలో కూర్చోబెట్టాం. విస్తరిలో అన్నం, పప్పు, గారెలు, బూరెలు, పులిహోర, కోడికూర, పెరుగు, అన్నీ పెట్టాం. కాకులకు కొదవేమీ లేదు. పడవ తాడు మీద ఒకటి, ఇసుక తిన్నె మీద నాలుగైదు. విస్తరి వైపు చూస్తున్నాయి, ఒక్కటీ దగ్గరికి రావడం లేదు.

చాలాసేపు చూశాక కర్మ చేయిస్తున్న అయ్యగారు గొంతు సవరించుకున్నాడు. "ఏదో మర్చిపోయిండ్రమ్మా. ఆమెకు ఏదంటే పాణం? మంచిగ యాది చేసుకోండి."

"పూర్ణాలు," అన్నాడు మా ఆయన వెంటనే. "అమ్మకు పూర్ణాలంటే పాణం. బూరెలు బెల్లంతో చేసినం, ఆమెకు పచ్చి కొబ్బరి పడాలె."

"అవి నీకు పాణంరా," అంది వదిన. "నువ్వు అడిగితే చేసేది. అమ్మకు చేపల పులుసు ఇష్టం. నేను ఎప్పుడొచ్చినా గోదారి చేప తెప్పించేది."

"నువ్వొచ్చినప్పుడేగా అక్కా తెప్పించేది," అన్నాడు మరిది. "జిలేబీ. సంతకు పోతే జిలేబీ తేకుండ ఇంటికొచ్చేది కాదు."

"తెచ్చి ఎవరికి ఇచ్చేది?" అంది వదిన.

మరిది తడి పంచె అంచు పిండుకున్నాడు. ముగ్గురు పిల్లలూ తల్లికి ఇష్టమనుకుని తమకు ఇష్టమైనవే చెప్పుకున్నారు, ఆ సంగతి ముగ్గురికీ ఒకేసారి తెలిసింది. అయినా చేసేదేముంది, ఊళ్లోకి ఫోన్లు చేసి కొబ్బరి పూర్ణాలూ, హోటల్లోంచి చేపల పులుసూ, జిలేబీ తెప్పించి విస్తరిలో పెట్టాం. కాకులు ఇంకొంచెం అవతలికి జరిగి కూర్చున్నాయి.

నా భయం వేరే. మామయ్య పొద్దున అలవాటు కొద్దీ షుగర్ గోలీ వేసుకున్నాడు, కడుపులో మాత్రం ఏమీ లేదు. పిట్ట ముట్టందే మంచినీళ్లు కూడా ముట్టనని పట్టుబట్టి కూర్చున్నాడు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఆయన చేతులు వణుకుతున్నాయి, నుదుటి మీద చెమట చల్లగా ఉంది. నా బ్యాగులో గ్లూకోజు ఉంది. నీళ్లలో కలిపి ఇచ్చాను, గ్లాసు తోసేశాడు.

"ఆమె తినలేదు బిడ్డా. ఆమె ఆకలితోని ఉంటే నేనెట్ల తాగుత?"

ఇక ఈ ఇసుకలోనే రెండో చావు చూడాల్సి వస్తుందనిపించింది నాకు. అప్పుడు గుర్తొచ్చాయి తునికి పళ్లు. ఒక వేసవిలో సాంపిళ్ల కోసం అడవి వైపు వెళ్తుంటే అత్తమ్మ కూడా నాతో వచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సు కోసం ఆగిన చోట అడవి ఊరి ఆవిడ గంపలో తునికి పళ్లు అమ్ముతోంది. బీడీలు చుట్టే ఆ తునికాకు చెట్టుకే కాసే పళ్లు. పచ్చివైతే నోరంతా పట్టేసే వగరు, ముగ్గితే తేనె. అత్తమ్మ ఒకటి తిని కళ్లు మూసుకుంది. బాగున్నాయా అని అడిగితే "ఊ" అంది. ఆమె ఏదైనా తిని కళ్లు మూసుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఎవరికీ చెప్పకుండా ఇసుకలోంచి మెట్లెక్కి కరకట్ట దాటి పరుగెత్తాను. సంతకు వచ్చిన అడవి ఊళ్ల ఆడవాళ్లు బస్టాండు దారిలో కూర్చుంటారు. ఇద్దరి దగ్గర లేవు, మూడో ఆవిడ దగ్గర ఆకు దొన్నెలో నాలుగు మిగిలాయి. వాటిని కొంగులో పట్టుకుని మళ్లీ పరుగు. చెప్పొద్దూ, దారంతా నాకు గర్వంగా ఉంది. కన్నబిడ్డలకు తెలియనిది కోడలికి తెలుసు అనుకున్నాను. పళ్లను విస్తరి మధ్యలో పెట్టి వెనక్కి జరిగాను. పడవ తాడు మీది కాకి తల పక్కకు తిప్పుకుని ముక్కును తాడుకేసి రాసుకుంది. ఎంతసేపు చూసినా కదల్లేదు.

తునికి పళ్లు ఎవరికి ఇష్టం? నాకు. అడవి పళ్లంటే ఎవరికి పిచ్చి? నాకే. ఆ రోజు పక్కన నేనుండి, బాగుందా అని నేను అడిగితే, ఆమె ఊ అనక ఏమంటుంది? కన్నబిడ్డలు ముగ్గురూ చేసిన పనే నేనూ చేశాను. వదిన విస్తరి వైపు చూస్తూ ఏడవడం మొదలుపెట్టింది. "అమ్మా, ఏం కావాల్నో చెప్పమ్మా," అంటోంది నీళ్ల వైపు తిరిగి. నాకు ఏడుపు కన్నా కోపం ఎక్కువ వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. ఇంతమందిమి ఒకే ఇంట్లో ఒకే పొయ్యి మీద వండింది తిని, ఒక మనిషి ఇష్టమేమిటో చెప్పలేక కాకి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాం.

అప్పుడు మామయ్య లేచాడు. మా ఆయన పట్టుకోబోతే వద్దన్నాడు. పందిరి గుంజ పట్టుకుని నిలబడి, విస్తరి వైపు కాసేపు చూశాడు.

"మీకెవ్వరికి తెల్వదు. నాకూ తెల్వదు," అన్నాడు. గొంతు చాలా మామూలుగా ఉంది. "పెండ్లైన కాన్నుంచి ఆమె తింటుంటే నేను సూడలే. నేను తిని లేసినంక తినేది. మీరు పుట్టినంక మీరు తిని లేసినంక తినేది. నా ముందట ఒక్కనాడు నోట్లె ముద్ద పెట్టలే. ఇయాల గింతమందిమి గుడ్లప్పగించి సూస్తుంటే ఎట్ల తింటది?"

ఆయన ముందుగా తానే విస్తరికి వీపు పెట్టి, మెట్ల వైపు మొహం తిప్పి నిలబడ్డాడు.

"అందరు గిట్ల తిరగండి."

తిరిగాం. మా ఆయన, మరిది, వదిన, నేను, చివరికి అయ్యగారు కూడా. ఎదురుగా మెట్లు, వాటి పైన కరకట్ట, ఎండలో తెల్లగా మెరుస్తున్న ఆకాశం. వెనక నది చప్పుడు తప్ప ఏమీ లేదు. మామయ్య తల కొంచెం పక్కకు వంచి, గట్టిగా కాదు, పక్క గదిలోని మనిషితో అన్నట్టు అన్నాడు.

"మేం సూస్తలేం. నువ్వు తిను."

రెక్కల చప్పుడైంది. మొదట ఒకటి, తర్వాత ఇంకొన్ని. విస్తరాకు ఇసుక మీద జరుగుతున్న చప్పుడు. వెనక్కి తిరిగి చూడాలని నాకు ఎంత ఉందో చెప్పలేను. అంతమందిలో అది తెలుసుకోవాల్సిన అవసరం నాకే ఎక్కువ ఉన్నట్టు, తిరిగితే చాలు ఆ పళ్లెంలో ఏముందో కనపడుతుందన్నట్టు అనిపించింది. మెడ సగం తిప్పాను కూడా. మామయ్య నా వైపు చూడకుండానే చేయి అడ్డం పెట్టాడు.

"తిననీ బిడ్డా. సగంల లేవగొట్టకు."

చప్పుడు మొత్తం ఆగిపోయేదాకా అట్లాగే నిలబడ్డాం. తర్వాత తిరిగి చూస్తే విస్తరి చినిగి బోర్లా పడి ఉంది. అన్నం మెతుకులు ఇసుకలో చెల్లాచెదురుగా ఉన్నాయి. పూర్ణాలు లేవు, చేప ముక్క లేదు, తునికి పళ్లు లేవు. ఏది తిన్నాయో, ఏది ఎత్తుకుపోయాయో, ఏది ఇసుకలో కూరుకుపోయిందో. "చూడు, చేప..." అని మొదలుపెట్టి వదిన తనే ఆగిపోయింది. అయ్యగారు మంచిదమ్మా, తృప్తి అయింది అన్నాడు. మరిది నీళ్లలోకి దిగాడు.

నేను గ్లూకోజు నీళ్లు మళ్లీ కలిపి మామయ్య నోటికి అందించాను. ఈసారి తాగాడు. తాగి, మూతి తుడుచుకుని, ఇసుకలోని ఆ చినిగిన ఆకు వైపు చూస్తూ అడిగాడు.

"ఏం తిన్నది బిడ్డా?"

ఆ మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి. నేను ఇసుక మీద మోకాళ్లూని కూర్చుని, ఒక్కొక్క మెతుకూ పక్కకు జరుపుతూ వెతికాను. ఆయన జవాబు కోసం చూస్తూనే ఉన్నాడు.